జేష్టమ్మ మిఠాయి

మిఠాయిల గురించా? ఏమప్పా మణిదీపూ, బత్తలపల్లెలో వీడియో తీసేదానికి నీకు ఇంగేం దొరకలేదా? పాత మిఠాయిలు యాడ పుట్టినాయి, ఎవురు చేసినారు అని నన్నడిగితే నేనేం చెప్పేది, సైకిళ్లకు పంచర్లు ఏసినోణ్ణి. సరే, కూచో. ఆ స్టూలు మీద వద్దు, దానికి ఒగ కాలు పొట్టి. ఈ మంచం మీదికి రా. ఫోను యాడ పెట్టుకుంటావో పెట్టుకో. నా మొగం సరింగా పడతాండాదా? ఎనభై దాటిన మొగం, పడినా పడకపోయినా ఒగటే. ఎండ చూడు, ఇంగా ఉగాది గూడా రాలేదు, అప్పుడే ఇంట్లో కూచోలేకపోతాండాం.

మా చిన్నప్పుడు మిఠాయి అంటే బెల్లమేనప్పా. సజ్జరొట్టెలో ఇంత బెల్లం పెట్టి చుట్టి ఇస్తే అదే మాకు పెండ్లి భోజనం. చక్కెర అంటే మందుతో సమానం, జరమొచ్చినోనికి కాఫీలో ఏసిచ్చేది. మా నాయన చెప్తాండె, వాళ్ల నాయన కాలంలో ఈ పక్క చక్కెర చూసినోడే లేడంట. పీర్ల పండగొస్తే సాయిబులు బొరుగుల్లో చక్కెర కలిపి చదివించి పంచుతాండ్రి, మేము దానికోసరం పొద్దున్నుంచి కాసుకొని కూచుంటాంటిమి. బత్తాసులు నవాబుల దండుల ఎంబడి ఉత్తరాది నుంచి వచ్చినాయని మా అయ్యవారు అంటాండె, నిజమో అబద్ధమో నాకు తెల్దు. నిమ్మతొనలు తెల్లదొరల బిళ్లలు చూసి మనోళ్లు నేర్చుకున్యారంట. కమ్మరకట్లు మాత్రం మనవేనని నేనంటా. బెల్లం పాకం, టెంకాయ కోరు, అంతే, పండ్లు ఊడొచ్చేటంత గట్టిగ. ఇంగ చెనిక్కాయ ఉండలు. మన్ది చెనిక్కాయల జిల్లా అంటారు గాని ఆ చెనిక్కాయ గూడా సముద్రం అవతల్నుంచి వచ్చిందేనంట గదా. ఈ నేలకి తియ్యనిది ఏదైనా యాడో దూరం నుంచే రావాల. ఈడ సొంతంగా పుట్టేది రాళ్లు ఒగటే.

అతిమధురం గూడా అట్లాంటిదే. పేరు ఇన్నావా లేదా? మీ ఇంటి యాపారమే కదప్పా అది. ఇప్పుడు మీ నాయన బట్టలంగడి పెట్టిన జాగాలోనే వాళ్ల నాయన, మీ జేజినాయన బదరీనారాయణ శెట్టి చిల్లరంగడి ఉండె. శొంఠి, పిప్పళ్లు, వస, కరక్కాయ, అన్నీ పాత బిస్కెట్టు డబ్బాల్లో పెట్టుకొని అమ్ముతాండె. దాంట్లో ఒగ డబ్బా అతిమధురం. చూస్తే ఎండిన పుల్ల. విరిస్తే లోపల పసుప్పచ్చగ, నార నారగ ఉంటాది. నోట్లో ఏసుకుంటే ముందు మట్టివాసన తప్ప ఏం తెల్దు. రోంతసేపుకి ఎక్కుతాది చూడు తియ్యదనం, అది బెల్లం తీపి కాదు, గొంతులో కూచుంటాది, నీళ్లు తాగినా పోదు. మీ జేజినాయన ఆ పుల్ల చేతిలో పట్టుకొని చెప్తాండె, "దీన్ని కాబూలు అవతల ఏటిగడ్డన తవ్వుతారు తిప్పేస్వామీ. ఆడ ఒంటెలెక్కి, ఓడెక్కి, బొంబాయిలో దిగి, బెంగుళూరు పోయి, హిందూపురం సంతకొచ్చి, నా అంగడికి వచ్చినాది. నీకన్నా ఎక్కువ దేశం తిరిగింది ఇది." ఆయప్ప నవ్వేదే తక్కువ, ఈ మాట చెప్పి మాత్రం నవ్వుతాండె. పద్యనాటకాలోళ్లు గొంతు పగలకుండా దీన్ని దవడ కింద పెట్టుకొని స్టేజీ ఎక్కుతాండ్రి. పిల్లోళ్లకు దగ్గొస్తే అరగదీసి తేనెలో నాకిస్తాండ్రి. తెల్లోళ్లు దాన్ని ఉడకేసి, నల్లగా బంక మాదిరి చేసి మిఠాయి చేసుకుంటారని నువ్వే కదా మొన్న ఫోన్లో చూపిచ్చినావు, సైకిలు ట్యూబు ముక్కల మాదిరి ఉండాయి. ఆ బుద్ధి మన ఊర్లో ఒగనికి యాభై ఏండ్ల కిందటే పుట్టింది. బాలప్ప అని. మీ ఇంట్లో ఆ పేరు ఎత్తరులే, ఎత్తకపోయేదానికి కారణం గూడా ఉండాది.

బాలప్పది చిలమత్తూరుకి అవతల, సరిహద్దులో ఏదో పల్లె. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. పెండ్లాము హనుమక్కని తోడుకొని ఈడికి వచ్చి, నా సైకిలంగడికి ఎదురుగా ఒగ రేకుల కొట్టం ఏసుకొన్యాడు. పిల్లల్లేరు. ఇద్దరూ పొద్దున నాలుగు గంటలకి లేసి పొయ్యి ముట్టిస్తాండ్రి. చెనిక్కాయ ఉండలు, నువ్వుండలు, కమ్మరకట్లు, బొరుగుల ఉండలు, ఏం చేసినా చేతికి అంటుకోదు, పంటికి అంటుకోదు. పాకం తీసేదాంట్లో మాత్రం ఆ మనిషికి ఇంగోటి కనపడదు, ఇంగోటి ఇనపడదు. పాకం ఒగ రెప్పపాటు ముదిరినా అంతా పోతాదంటాడు. బాణలి మీద వంగి, తెడ్డు ఆడిస్తాంటే మనం పలకరిస్తామా, కన్నడంలో జవాబు వస్తాది. "ఏం బాలప్పా, కాఫీ తాగినావా?" అంటే "హూ, ఆయితు" అంటాడు, అయిపోయిందని, తల ఎత్తకుండానే. బాణలి దించినాక మళ్లా మన తెలుగు. హనుమక్క ఎగతాళి చేస్తాండె, "ఈయనకి తెలుగు పొయ్యి మీద కరిగిపోతాదన్నా, ఆరినాక మళ్లా గట్టి పడతాది" అని. హనుమక్క గట్టి మనిషి, నోరు పెద్దది. ఆయమ్మ నవ్వు నా అంగడి దాకా ఇనపడతాండె.

ఆ, మిఠాయి. ఆ బాలప్ప మీ జేజినాయన దగ్గర అతిమధురం కొని, దంచి, ఒగ పూటంతా నీళ్లల్లో కాంచి, ఆ కషాయం వడగట్టి బెల్లం పాకంలో పోస్తాండె. మిరియాలు రెండు, శొంఠి రోంత. నూనె పూసిన నాపరాయి మీద చుక్కలు చుక్కలుగా ఇడిస్తే బిళ్లలయ్యేటివి. నల్లగ, మెరస్తా ఉంటాండె. దాని పేరేందని అడిగితే "జ్యేష్ఠమధు" అన్యాడు. వాళ్ల భాషలో అతిమధురాన్ని అట్లంటారు. మనోళ్లకి నోరు తిరగాల కదా. జేష్టమదు, జేష్టమ్మదు అని, కడాకి జేష్టమ్మ మిఠాయి అయిపోయె. ఆడోళ్లు నవ్వుతాండ్రి, "జేష్టమ్మ అంటే దరిద్రదేవత కదయ్యా, ఆ పేరు పెట్టి అమ్ముతాండావే" అని. ఆయప్పా నవ్వుతాండె. "తియ్యగుంటే దరిద్రదేవతైనా రానీ" అని. ఆయన మాట ఒగటంటే మనోళ్లు ఇంగోటి ఇనేది, ఊరంతా దానికి నవ్వుకునేది, అది ఒగ ఆట మాదిరి అయిపోయిండె. ఎవురూ తప్పు పట్టలేదు. భజనలోళ్లు, బడిపిల్లోళ్లు, ధర్మవరం బస్సెక్కేటోళ్లు, అందరికీ జేష్టమ్మ మిఠాయి కావాల. ఊరుకాని ఊరొచ్చినోడు, వానికంటూ ఒగ పేరు వచ్చింది ఈడ. దాని మీద ఆయప్పకి ఎంత పానమో నాకు తెలుసు.

తర్వాత కరువొచ్చె. డెబ్బై రెండు కరువు. నువ్వు ఇన్నది వేరు, మేము చూసింది వేరు. వరసగా వాన్లు లేవు. చెనిక్కాయ ఇత్తనం గూడా తినేసినారు. ముదిగుబ్బ పక్క గొర్రెల మందలు కసాయోనికి తోలి, తోలినోళ్లే దారిలో ఏడ్చుకుంటా వచ్చినారు. బావుల్లో దిగితే అడుగున తేళ్లు. సర్కారోళ్లు గంజి కేంద్రం పెట్టిరి, రోడ్డుకి కంకర కొట్టే పని పెట్టిరి. మగోళ్లు సగం మంది బెంగుళూరికి ఇండ్లు కట్టే బేల్దారి పనికి పోయిరి, ఆడోళ్లు పిల్లోళ్లని గట్టున కూచోబెట్టి కంకర కొడతాండ్రి. ఆ దుమ్ముకి పిల్లోళ్లకి దగ్గు పట్టుకునె. కోరింత దగ్గు, తెలుసునా నీకు? దగ్గి దగ్గి ఊపిరి లోపలికి తీసేటప్పుడు కోడి కూసినట్ల శబ్దం వస్తాది. దానికి జేష్టమ్మ బిళ్ల చప్పరిస్తే రోంత అణుగుతాండె, అందుకే అందరూ బాలప్ప దగ్గరికే. అప్పుడు చూస్తే అతిమధురం లేదు. హిందూపురానికే రాకపోతే మీ జేజినాయన మాత్రం యాడ తెచ్చేది. బాలప్ప ఊరుకున్యాడా? కంచెల్లో గురిగింజ తీగ ఉంటాది కదా, ఎర్రగ, నల్లకన్ను ఉంటాది గింజకి, కంసాలోళ్లు తూకానికి పెట్టుకుంటారు, అదే. దాని వేరు తవ్వి చూడు, అదీ తియ్యగనే ఉంటాది. అసలుదానికి సాటి రాదు గాని పని జరుగుతాది. యాపారస్తులు దాన్ని అతిమధురంలో కల్తీ చేసేది మామూలే. బాలప్ప దాచలేదు, నాతో చెప్పే తవ్వినాడు. గడ్డపార నాదే. తీగకంతా కాయలు పగిలి గింజలు ఎర్రగ రాలిపోతాంటే, అవి తొక్కుకుంటా కింద వేరు తవ్వుకున్యాం. గింజ నూరితే విషమని ఆయప్పకీ తెలుసు, నాకూ తెలుసు. వేరుకి ఆ దోషం లేదు, మేమిద్దరం ఆడనే నమిలినాం.

ఆ ఫోను ఆపు నాయనా. ఆపినావా? చూపియ్యి. ఆఁ. ఇది వీడియోకి కాదు.

సువార్త అని, చర్చి ఈది అమ్మాయి. అప్పుడు పాతికేండ్లు కూడా ఉండవు. మొగుడు బెంగుళూరు పోయినోడు పోయినట్లే, కబురు లేదు. నాలుగేండ్ల పిల్లోడు, సంకలో ఇంగో ఆడబిడ్డ. కంకర పనికి పోతాండె. పిల్లోనికి దగ్గు. ఒగ మాపటేళ పని దిగి, దుమ్ము మొగంతోనే నేరుగా బాలప్ప అంగడికి వచ్చింది. నేను ఈడ చక్రం సరి చేస్తాండా, చూసినా రావడం. బిళ్లలు అయిపోయినాయి ఆ పొద్దు. బాలప్ప బాణలి మీద ఉండాడు. హనుమక్క నీళ్లకి పోయింది. సువార్త గుంజ పట్టుకొని, "అన్నా, పిల్లోడు రాత్రంతా నిద్రపోల్యా, మందేమన్నా చెప్పన్నా" అనె. బాలప్ప తల ఎత్తలేదు. పాకం తీగొచ్చే సమయం అది. ఎడమచేత్తో అరగదీసినట్ల చూపిచ్చి చెప్పినాడు, "గులగంజి బేరు తేదు, జేనల్లి నెక్కిసమ్మా" అని. ఇప్పుడు నీకు నేను ఇప్పి చెప్తా ఇను. వాళ్ల కన్నడంలో గులగంజి అంటే మన గురిగింజ. బేరు అంటే వేరు. తేదు అంటే అరగదీసి. జేను అంటే తేనె. గురిగింజ వేరు అరగదీసి తేనెలో నాకించమ్మా. అంతే మాట. రోజూ చెప్పే మాట లాంటిదే. ఆయమ్మ తలూపి పోయింది. నాకు ఆ మాటలు ఈడికి ఇనపడలేదు, తర్వాత తెలిసినాయి.

ఆయమ్మ ఏమనుకున్యాదంటే, బేరు అంటే పేరు అనుకున్యాది. గులగంజి అనే పేరు గల మందు, దాన్ని అరగదీసి తేనెలో నాకియ్యాల. దారిలో కంకర పనోళ్లని అడిగిందంట, గులగంజి అంటే ఏందక్కా అని. ఎవురో చెప్పిరి, గురిగింజనే కదే అట్లంటారు కన్నడపోళ్లు, అని. వాళ్లు చెప్పింది తప్పు కాదు. నూరితే విషమని ఆయమ్మకి తెల్దు. కంచెలో కావలసినన్ని. దగ్గు ఎక్కువగ ఉండాదని ఒగటి కాదు, ఇంగో నాలుగు ఎక్కువ ఏసి, పొట్టు తీసి, మెత్తగ నూరి, తేనె యాడో అడుక్కొచ్చి, చెప్పినట్లే నాకించింది. పిల్లోడు తియ్యగుందని ఏలు గూడా చప్పరించినాడంట. ఆ మాట ఆయమ్మే చెప్పింది అందరి ముందర.

తెల్లారేటప్పటికి వాంతులు. తర్వాత నెత్తురు. ఇంగ అది నేను చెప్పను. ఎద్దులబండి మాట్లాడి ధర్మవరం తీసకపోతాంటే దారిలోనే పోయినాడు. బండి తిరిగొచ్చింది. ఈడి నుంచే పోయింది బండి, ఇదే రోడ్డు. సువార్త ఏడుపు లేదు, పిల్లోణ్ణి తొడమీద పెట్టుకొని, దగ్గొస్తే ఈపు నిమిరినట్ల నిమురుతానే ఉండె. నేను చేతిలో పానా పట్టుకొని అట్లే నిలబడితి.

మాపటికి గంజి కేంద్రం షెడ్డులో ఊరు కూడె. బాలప్పని పిలిపిచ్చిరి. మీ జేజినాయన ఉండాడు, రెడ్లు ఉండారు, చర్చి పెద్దలు ఉండారు. నేను బాలప్ప పక్కనే కూచోనుండా. ఆయప్పకి ఏమైందో అప్పటికీ అర్థం కాలేదు, మొగం తెల్లబోయి ఉండాడు. వేరుతో పిల్లోడు ఎట్ల సచ్చిపోతాడు అని నా చెవిలో అంటాండాడు. జేబులో వేరుముక్క గూడా తెచ్చుకున్యాడు, అందరి ముందర నమిలి చూపిద్దామని. అప్పుడు సువార్తని అడిగిరి, ఏం చెప్పినాడమ్మా అని. ఆయమ్మ నిలబడి చెప్పింది, "గులగంజి పేరు అన్యాడు సామీ. గులగంజి అని పేరు చెప్పినాడు. నేను అదే నూరి నాకించినా. నా చేత్తో నాకించినా." పేరు అని ఆయమ్మ అనంగానే బాలప్ప తల పైకెత్తె. నేను హిందూపురంలో మూడేండ్లు పని నేర్చుకున్నోణ్ణి, నాకూ కన్నడం వస్తాది. నాకూ ఆ పొద్దే తెలిసిపోయె. బేరు, పేరు. ఒగ్గ అచ్చరం. నేను లేసి చెప్పబోతి. నా మణికట్టు పట్టుకున్యాడు. ఆ చేతులు పాకం కాలీ కాలీ రాయి మాదిరి ఉండేటివి, ఎముక ఇరిగిందనుకున్యా. "మాట్లాడ బేడ" అన్యాడు మెల్లగ, మాట్లాడొద్దని. మీ జేజినాయన అడిగె, "ఏం బాలప్పా, గురిగింజ చెప్పినావా లేదా? ఔనా, కాదా?" బాలప్ప లేసి నిలబడి, "హౌదు. నానే హేళిద్దు" అన్యాడు. మళ్లా తెలుగులో, "నేనే చెప్పినా" అన్యాడు. ఎనకాల్నుంచి ఎవురో చెప్పు ఇసిరిరి. ఇంగొగడు, "కరువులో అతిమధురం లేదని గురిగింజ మిఠాయి మన పిల్లోళ్లందరికీ తినిపిచ్చినాడు ఈడు" అనె. అంతే. పోయి బాణలి బోర్లేసిరి, నాపరాయి పగలగొట్టిరి. జేష్టమ్మ మిఠాయి, ఎవురు పెట్టినారో సరింగ్గా పెట్టినారు పేరు, అని ఆడోళ్లు మన్ను పోసిరి. ఆ ఆడోళ్లే కదా నవ్వుకుంటా కొన్నోళ్లు.

నాకు ఆయప్ప మీద ఇప్పటికీ కోపమే. ఆ పొద్దు కొట్టంలో కూచోబెట్టి అడిగితి, "నీకు బుద్ధుందా? వేరు తీసి నమిలి చూపిస్తే అయిపోయే దానికి, నీ మీద ఎందుకు ఏసుకుంటివి? విషం చెప్పినోడని నీ పేరు పడిపోయె. ఇంగ నీ చేత్తో చేసింది ఎవురు తింటారు?" అని తిడితి. ఆయప్ప పగిలిన రాయి ముక్కలు ఒగచోట పేరస్తాండాడు. పేరస్తానే చెప్పినాడు. "తిప్పేస్వామీ, ఆయమ్మ ఎల్లుండి మళ్లా కంకరకి పోవాల. చంటిబిడ్డ ఉండాది. బాలప్ప చంపినాడు అనుకుంటే ఆ సమ్మెట రాయి మీద పడతాది. నేనే తప్పు ఇన్నా, నా చేత్తో నేనే నూరినా అనుకుంటే, ఆ సమ్మెట యాడ పడతాదో నాకు తెల్దు." అంతే అన్యాడు. నేనేమన్యా? "నీ పెండ్లాము గతి ఏమి?" అన్యా. ఆయప్ప ఇంగో రాయిముక్క తీసి పేర్చినాడు. ఆయప్ప గొప్పోడని నేను నీకు చెప్పడంల్యా. హనుమక్కని అడగకుండా హనుమక్క బతుకు గూడా కలిపి ఇచ్చేసినాడు. అది న్యాయమా?

హనుమక్క ఊరుకునే మనిషి కాదని చెప్పినా కదా. ఆయమ్మకి విషయం తెలిసినాక కొంగు బిగించి, "నేను పోతా, దాని మొగానే చెప్తా, నువ్వు నూరినావే నా మొగుడు కాదు అని చెప్తా" అని చర్చి ఈదికి పోయింది. బాలప్ప ఆపలేదు, వాకిట్లో కూచున్యాడు. నేను గూడా చెప్పనీలే అనుకుంటి. అరగంటకి తిరిగొచ్చింది. నుదుటి మీద దెబ్బ. ఏమైందక్కా అంటే, "నన్ను చూసి చాట ఇసిరిందన్నా. బిడ్డకి పాలిస్తా కూచోనుంది. ఈయన్ని తిడతానే ఉంది, ఊపిరి తిప్పుకోకుండా తిడతా, ఒగ చేత్తో బిడ్డని ఒత్తుకుంటా ఉంది. ఆ తిట్టు ఆపితే ఆ మనిషి ఆడనే కూలిపోతాదనిపిచ్చె. చాట ఎత్తి గోడకి ఆనిచ్చి వచ్చేసినా" అనె. ఆ పొద్దు నుంచి హనుమక్క నవ్వు నేను ఇనలేదు. గంజి కేంద్రంలో ఆయమ్మ వరసలో నిలబడితే ముందరోళ్లు ముందుకి, ఎనకోళ్లు ఎనక్కి జరుగుతాండ్రి. ఈదిలో పిల్లోళ్లు "గురిగింజక్కా" అని పిలుస్తాండ్రి. ఎండాకాలం రాకముందే ఆయమ్మ అన్న వచ్చి చిలమత్తూరికి తీసకపోయినాడు. ఆడనే పోయింది, ఆ ఏడే. ఏం రోగమని ఎవురూ చెప్పలేదు. తిండి లేక అని నాకు తెలుసు.

ఏమప్పా? మీ జేజినాయనా? ఉన్నది చెప్తా, నొచ్చుకోవద్దు. బాలప్పకి బెల్లం ఇయ్యలేదు. నేను పోయి అడిగితే, "నా అంగట్లో సరుకుతో ఇంగో పిల్లోడు పోతే నేను ఏం చేసేది తిప్పేస్వామీ" అనె. ఆయప్ప తట్టు నుంచి చూస్తే తప్పేముంది. చెడ్డ మనిషి కాదు మీ జేజినాయన. ఇయ్యలేదు, అంతే. బాలప్ప ఇంట్లో మిగిలిన బెల్లంతో నాలుగు చెనిక్కాయ ఉండలు చేసి తట్టలో పెట్టుకొని ముదిగుబ్బ దాకా నడిచి పోయినాడు ఒగసారి, ఆడికీ కబురు ముందే పోయింది, తీసకపోయిన తట్ట అట్లే తిరిగొచ్చె. ఇంగేం చేస్తాడు? కంకర పనికి వచ్చినాడు. అదే కంకరకి. సువార్త ఉండే గుంపుకి దూరంగ కూచొని కొడతాండె. ఆయమ్మ చూసిన పొద్దల్లా ఒగ రాయి ఇసిరేది. తగిలితే తుడుచుకునేవాడు, తగలకపోతే ఆ రాయి తీసుకొని కొట్టేవాడు. మేస్త్రీ గూడా చూసి చూడనట్ల ఉండె. నేను మాపటేళ పోయి, "ఊరిడిసి పోరా స్వామీ, నీకు దండం పెడతా" అంటే, "పోతే ఎవుర్ని తిడతాది తిప్పేస్వామీ" అంటాడు. మాటలు శానా తగ్గిపోయినాయి. ఒగటి మాత్రం కనిపెట్టినా నేను. కన్నడం మానేసినాడు. ఒగ్గ మాట గూడా. నీళ్లు అడగాలన్నా రోంతసేపు నిలబడి, తెలుగులో తడుముకొని, ఒగసారి నోట్లో అనుకొని, అప్పుడు అడుగుతాండె.

మే నెలలో కంకర కుప్ప మీదనే పడిపోయినాడు. ఎండకి. ఎత్తేదానికి ఎవురూ రాకపోతే నేనూ, నా దగ్గర పనోడూ బండి మీద తెచ్చి, ఏటి ఇసకలో పూడ్చినాం. నేను గొయ్యి తవ్వింది గూడా అదే గడ్డపారతో. బండి పోతాంటే సువార్త కంకర కొట్టేది ఆపి చూసింది. "సచ్చినాడా? మంచిదాయె" అనె. మళ్లా సమ్మెట ఎత్తి కొట్టింది. నాకు అప్పుడు ఏడుపొచ్చినాది మణిదీపూ. ఎవురి కోసరమో చెప్పలేను. చచ్చినోని కోసరమా, కొట్టేదాని కోసరమా.

ఆ చంటిబిడ్డని ఆయమ్మ పెంచింది, పెండ్లి చేసింది, మనమరాండ్లు నర్సులయినారు. నిలబడింది, నిలబడలేదని అనను. పాస్టరు శానాసార్లు చెప్పినాడంట, క్షమించమ్మా, ఆయన పోయి ఎంత కాలమాయె అని. "నా మొగుణ్ణి క్షమించినా, ఆ కన్నడపోణ్ణి మాత్రం దేవుడొచ్చి అడిగినా క్షమించను" అంటాది. బాలప్ప కొట్టం ఉన్న జాగాలో ఇప్పుడు బేకరీ ఉండాది చూడు, ఆడి మెట్టు మీద ఉమ్మేసి గానీ ముందుకి పోదు. ఆ బేకరీ పిల్లోళ్లకి ఏం తెలుసు, ముసలామెకి మతి లేదనుకొని నీళ్లు పోసి కడుక్కుంటారు. ఊర్లో ఈ సంగతి తెలిసినోళ్లు అందరూ పోయినారు. నేనొగణ్ణే మిగిలినా. నేనూ పోతే బాలప్ప విషం పెట్టినోడుగానే ఉండిపోతాడు, ఆయప్ప కోరుకున్యది అదే గాని, నాకు ఇంగ ఓర్సుకోను కాల్యా. అందుకే నీతో చెప్తాండా. ఆయమ్మ బతికుండేదాకా నీ నోట్లో నుంచి ఇది...

రోంతసేపు ఊరుకో. తిరిగి చూడొద్దు. రామ్మా సువార్తమ్మా, రా, ఈ నీడకి రా. ఇంత ఎండలో యాడికి పొయ్యొస్తాండావు? పింఛన్‌కా? ఇచ్చినారా? ఈ పిల్లోడా, మన బదరీనారాయణ శెట్టి మునిమనమడో మనమడో, మనమడే. ఏం లేదమ్మా, ఊర్కే, పాత మిఠాయిల గురించి అడుగుతాండాడు. ఆఁ, అన్నీ చెప్పినా. ఆఁ, ఆయప్ప గురించి గూడా చెప్పినా. ఔనమ్మా. పాపిష్టోడే. ఔను, పాపిష్టోడే. కూచో సువార్తమ్మా, కాళ్లు కాలుతాంటాయి, నీళ్లు తాగుదువు.